పదమూడో నాలుక

ఉప్పుగోపురం కనుమరుగై మూడు పగళ్లు గడిచాయి. నాలుగో నాటి ఉదయం మైలమ తన రాగి తాబేలు వీపు మీద కూర్చుని కాగేటి ఒడ్డుకు చేరింది.

కాగేరు పేరుకు తగిన ఏరే. అగ్గికొండ కడుపులో పుట్టి, బండల మీదుగా తెర్లుతూ, బుడగలు కక్కుతూ పారుతుంది. ఎండ తగిలిన చోట దాని ఆవిరి నెమలి మెడలా మెరుస్తుంది. నీడ పడిన చోట బూడిదలా తేలుతుంది. ఒడ్డున గడ్డిపోచ లేదు. పైన పిట్ట ఎగరదు. ఆవలి ఒడ్డున, కొండ నడుముకు పెట్టిన నల్లని వడ్డాణంలా, కొలిమికోట నిలిచి ఉంది. దానికి ఏడు బురుజులు, బురుజుకొక పొగగొట్టం. పట్టపగలే ఆ గొట్టాల మూతుల దగ్గర ఎర్రని కాంతి కదులుతోంది.

ఆ కోటలో ఎక్కడో ఆమె తండ్రి బయ్యనాచారి ఉన్నాడు. ఈ రోజు సూర్యుడు కొండ వెనక్కి దిగేలోగా ఆయనను బయటికి తేవాలి. లేకపోతే మాంత్రికుడు అంగారభట్టు ఆయనను కొలిమిలో వేస్తాడు. కురువింద దేశమంతటా, సముద్రం మీద పోయే పడవల్లో కూడా, దండోరా వేయించి మరీ చెప్పిన మాట అది.

బయ్యనాచారి ఆ దేశంలోకెల్లా గొప్ప కంచుపనివాడు. కోటగోడలు కట్టడానికి కూలీలు కావాలని నమ్మించి, అంగారభట్టు ఆయనను కోటకు పిలిపించుకుని, ఆయన చేత వెయ్యిమంది ఇనుపమనుషులను చేయించాడు. పని పూర్తయ్యాక అసలు మాట బయటపెట్టాడు. మంత్రంతో అతడు ఒకసారికి ఒక్క బొమ్మనే, అదీ దాని వరస అంకెతో పిలిచి, కదిలించగలడు. వెయ్యిమందినీ ఒక్కసారే నడిపించే పెట్టె చేసి ఇస్తే వాళ్లను చుట్టుపక్కల రాజ్యాల మీదికి తోలుతానన్నాడు. బయ్యనాచారి చెయ్యనన్నాడు, కోటలోనే బందీ అయ్యాడు. అది మూడేళ్ల కిందటి మాట.

అయ్య చెయ్యనన్న ఆ పెట్టెను, అయ్యను తెచ్చుకోవడం కోసం మైలమ చేసింది. దానికి ఆనతి పెట్టె అని పేరు పెట్టింది.

జానెడు టేకుపెట్టె అది. మూత తీస్తే లోపల వరసగా కంచు నాలుకలు. ఒక్కొక్కటి వేలెడు పొడవు, తాటాకంత పలుచన. ఒక నాలుకను వేలితో మీటితే, అదే శ్రుతి ఉన్న మరో నాలుక కేకవేటు దూరంలో ఎక్కడున్నా తానూ వణుకుతుంది. బొమ్మ కడుపులో ఉన్న నాలుక వణికితే దాని కింది కొక్కెం ఊడి మర తిరుగుతుంది. నడవమంటే నడుస్తుంది, ఆగమంటే ఆగుతుంది. అలాంటి ఆనతులు పన్నెండు. ఆ పన్నెండు శ్రుతులూ వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచి మారలేదు. ఇనుపమనుషుల కడుపుల్లో అయ్య పెట్టినవీ అవే అయి ఉంటాయని మైలమ నమ్మకం. పన్నెండు నాలుకల కొసలకూ పన్నెండు మైనపు చుక్కలు అంటించి, ఒక్కొక్క శ్రుతినీ ఆమె సరిచేసింది.

పదమూడో నాలుకకు మైనం లేదు. అది ఆమె చేసింది కాదు. దానితో ఏ పనీ జరగదు.

మైలమకు నాలుగేళ్లప్పుడు తల్లి పోయింది. అయ్యకు పగలంతా కొలిమి దగ్గర పని. కథ చెబుతాను, ఊకొట్టు అని పిల్ల వెంటబడేది. అందుకని అయ్య ఒక కొయ్యబొమ్మను చేసి, దాని మెడకు కీలు, వెనక చిన్న తోలుతిత్తి పెట్టాడు. దాని కడుపులో బిగించే నాలుకను ముందు పెట్టుకుని తానే 'ఊఁ' అంటూ, తన ఊకు అది వణికేదాకా ఆకురాయితో గీకాడు. దాని జతను ఒక చిన్న పలకకు బిగించి కూతురి చేతికిచ్చాడు. ఇప్పుడు పెట్టెలో ఉన్న పదమూడో నాలుక అదే. అది మీటితే బొమ్మ తల వంచి 'ఊఁ' అనేది. ఒక్కోసారి మీటకుండానే, కొలిమి దగ్గర నుంచి అయ్య ఊఁ అన్నా బొమ్మ తల వంచేది. అయితే అయ్యకూ బొమ్మకూ ఒక తేడా ఉండేది. కథలో తాబేలు చందమామకు గొడుగు పట్టడానికి బయలుదేరగానే, బొమ్మ ఊఁ అని ఊరుకునేది. అయ్య మాత్రం ప్రతిసారీ, "గొడుగెవరిచ్చారే దానికి?" అని అడిగేవాడు. ప్రతిసారీ మైలమకు కోపం వచ్చేది.

అయ్య బందీ అయ్యాక ఆమె సముద్రం మధ్య పాడుబడిన ఉప్పుగోపురంలో దాక్కుంది. అక్కడి గోడలు వేసవిలో కూడా చెమ్మగా, చల్లగా ఉండేవి. మూడేళ్లు మనిషి మొహం చూడలేదు. పొద్దుగూకే వేళ రెండు కంచాలు పెట్టి, ఒకటి కొయ్యబొమ్మ ముందుకు జరిపి, ఆ రోజు ఏ నాలుక కుదిరిందో, ఏది కుదరలేదో దానికి చెప్పేది. చివర పదమూడో నాలుక మీటేది. బొమ్మ ఊఁ అనేది. ఆ తర్వాత రెండో కంచంలోది కూడా తానే తినేది.

బయలుదేరే రోజున, "అయ్యను తెస్తాను" అని చెప్పి మీటింది. బొమ్మ ఊఁ అంది.

ఇప్పుడు కాగేటి ఒడ్డున మైలమ నడకనాలుక మీటింది. తాబేలు నాలుగు తెడ్లూ ఆడిస్తూ నీటిలోకి దిగింది. రాగిడిప్ప ఎత్తుగా ఉంది కాబట్టి నీళ్లు ఆమె పాదాల దాకా రావడం లేదు గాని, ఆవిరి మొహాన్ని కాలుస్తోంది. వెంట తెచ్చిన మంచినీళ్లతో చీరకొంగు తడిపి తలకు చుట్టుకుంది. ఏటి నడుమకు రాగానే ఎదురుగా ఒక పెద్ద సుడి కనిపించింది. ఆమె ఎడమ తిప్పే నాలుక మీటింది.

తాబేలు కుడికి తిరిగింది.

మళ్లీ మీటింది. కుడికే. సుడి అంచు డిప్పకు తగిలి తాబేలు గిర్రున తిరగసాగింది. ఆమె ఆగమని మీటింది. తాబేలు ముక్కు కిందికి వంచింది. అది మునగమన్నప్పుడు చేసే పని!

ఆలోచించే వ్యవధి లేదు. నూనె నింపిన తోలుసిద్దె ఉన్న గంపను చంకన ఇరికించి, పెట్టెను పళ్లతో కరిచిపట్టుకుని మైలమ పక్కనున్న బండ మీదికి దూకింది. అక్కడ నుంచి మరో బండకు, దాని మీద నుంచి ఇంకో దానికి, అరికాళ్లు చుర్రుమంటుంటే కుప్పిగంతులు వేస్తూ ఆవలి ఒడ్డున పడింది. వెనక్కి తిరిగి చూసేసరికి తాబేలు మెడ దాకా మునిగిపోయింది. డిప్ప మీద తాను నెల రోజులు కూర్చుని చెక్కిన పూలతీగ చివరగా కనబడి, అదీ పోయింది.

ఆవిరి దాని కడుపులోకి దూరి ఉంటుందని ఆమె అనుకుంది. తప్పు తాబేలుది కాదని తెలియడానికి ఇంకా రెండు ఘడియలు పట్టింది.

కోట తలుపు దగ్గర, ఇనుపమనుషుల కీళ్లకు నూనె పోసే ఆడవాళ్లకు తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. మైలమ ఒడ్డున ఉన్న మసిని మొహానికీ చేతులకూ రాసుకుంది. నడుముకు దోపుకున్న ఆకురాయిని చీరకుచ్చెళ్లలో దాచింది. పెట్టెను గుడ్డలో చుట్టి, వెంట తెచ్చిన గంపలో నూనెసిద్దె కింద పెట్టి నెత్తిన ఎత్తుకుంది. తలుపు ముందు అప్పటికే ఒక ముసలిది, రెండు చేతుల్లో రెండు తోలుసిద్దెలు వేలాడుతుంటే, కాపలావాడితో తగవు పడుతోంది.

"ఏం ముప్పవ్వా, ఇవాళా ఆలస్యమేనా? లోపల నీ మొగుళ్లు వెయ్యిమందీ కళ్లు కాయలు చేసుకుని చూస్తన్నారు."

"చూడనీ. నీలాగా అడ్డమైన ప్రశ్నలు వెయ్యరు వాళ్లు. పక్కకి జరుగు గుండయా, తలుపు కన్నా నీ పొట్టే అడ్డం."

"నీ నోటికి కూడా కాస్త నూనె పోసుకోవే. ఆ వెనకాల పిల్లెవరు?"

ఇద్దరూ మైలమ వైపు తిరిగారు. ఏం చెప్పాలో ఆమె దారి పొడుగునా వల్లెవేసుకుంది. నోరు తెరిచింది. మాట రాలేదు. మూడేళ్లుగా కొయ్యబొమ్మతో తప్ప మాట్లాడని గొంతు, రెండు జతల మనిషి కళ్లు తన మీద పడేసరికి బిగుసుకుపోయింది.

"ఏమే, మూగదానివా?" అని గుండయ బల్లెం నేలకు కొట్టాడు.

ముప్పవ్వ మైలమ మొహం చూసింది, చేతులు చూసింది, గంప చూసింది. "మా చెల్లెలి కూతురు. పని నేర్పమని పంపించింది. సిగ్గెక్కువ" అంది.

"సిగ్గా! అయితే సరైన చోటికే వచ్చింది. లోపల పలకరించేవాడే ఉండడు" అని గుండయ పెద్దగా నవ్వి గడియ తీశాడు.

తలుపు మూసుకోగానే ముసలిది తన చేతుల్లోని సిద్దెలు రెండూ మైలమ చేతుల్లో పెట్టింది.

"పెద్దమ్మా, నువ్వెందుకు..." అని మైలమ గొంతు పెగుల్చుకుంది.

"ఓహో, నోరుంది! నువ్వెవరివో నాకనవసరమే పిల్లా. మూడేళ్ల నుంచి ఈ సిద్దెలు మొయ్యడానికి ఒక మనిషి కోసం చూస్తన్నా. ఇవాళ దొరికావు. నడు."

రెండు మండువాలు, మూడు వాకిళ్లు దాటాక కొలిమిశాల వచ్చింది. మైలమ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ శాల కప్పు మేఘమంత ఎత్తున ఉంది. వందల స్తంభాలు, స్తంభానికొక ఇత్తడి మొసలి, మొసలి నోట్లో రగిలే నిప్పు. నడుమ ఒక చెరువంత కొలిమి. దాని రెండు పక్కలా, పొలంలో నాటిన వరసల్లా, వెయ్యిమంది ఇనుపమనుషులు. తాటిచెట్టులో సగమంత ఎత్తు. రోకళ్ల లాంటి చేతులు. కళ్ల స్థానంలో కోడిగుడ్డంత కెంపులు. అవి ఇప్పుడు నల్లగా, ఆరిపోయి ఉన్నాయి.

"నిద్రలో ఉన్నారులే, భయపడకు" అంది ముప్పవ్వ. నిచ్చెన ఎక్కి ఒకడి మెడ వెనక నూనె పోస్తూ మాట సాగించింది. ఆమెకు మాటల దాహం ఎంతో ఉందని మైలమకు అర్థమైంది. "వెయ్యిమంది ఉన్నారా? ఒక్కడు 'బాగున్నావా అవ్వా' అనడు. పోతే పోయింది. ఈ మెడల సంగతి చూడు! చేతులు, కాళ్లు అంటే కదులుతాయి, నూనె పోస్తే అర్థముంది. తల ఊపమని వీళ్లనెవరూ అడగరే? అయినా ఆ ముసలాచారి వెయ్యి మెడలకీ కీళ్లు పెట్టాడు. వెనకాల ఓ తోలుతిత్తి కూడానూ. ఎందుకయ్యా అని భట్టు అడిగితే, బరువు సమానం చెయ్యడానికన్నాడంట. నాకు మాత్రం నూనె దండగ."

మైలమ చేతిలోని సిద్దె ఒలికింది. "ఆ ఆచారి ఎక్కడున్నాడు పెద్దమ్మా?"

ముసలిది నిచ్చెన మీద నుంచే కిందికి చూసింది. "శాల ఆ చివర తొమ్మిది ఇనుప తలుపులున్నాయి. అన్నీ ఒక్కలాంటివే. అందులో ఏదో ఒకటి. భట్టు జేగంట కొట్టాడా, వీళ్ల కళ్లు వెలుగుతాయి. ఎవరి ఆనతీ అక్కర్లేదు, ఎదురుగా ఏది కదిలితే దాన్ని ఉన్నచోటి నుంచే పట్టుకుంటారు. ఈలోపే మనం బయటపడాలి. పద."

"నువ్వు పో పెద్దమ్మా. ఆయన మా అయ్య."

ముప్పవ్వ నిచ్చెన దిగింది. ఖాళీ సిద్దెలు తానే తీసుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"రేపు సిద్దెలు మొయ్యడానికి రావాలి. తెలిసిందా? రేపు" అని గట్టిగా చెప్పి వెళ్లిపోయింది.

ఆమె అడుగుల చప్పుడు ఆగిపోయాక అంత పెద్ద శాలలో మైలమ ఒక్కతే మిగిలింది. ఒక స్తంభం చాటున కూర్చుని గంపలోంచి పెట్టె బయటికి తీసింది. నిద్రలో ఉన్న మరకు ఆనతి ఎక్కదు. గంట మోగాలి, కళ్లు వెలగాలి. వెలిగిన వెంటనే ఆగమనే నాలుక మీటితే వెయ్యిమందీ బిగుసుకుపోతారు. అప్పుడు తొమ్మిది తలుపులూ తట్టి చూడవచ్చు. ఇదీ ఆమె ఉపాయం.

పై అంతస్తులో, రాతి పిట్టగోడ వెనక, అంగారభట్టు కనిపించాడు. ఎర్రని జడలు మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. మెడలో రగిలే బొగ్గుల దండ. నడుస్తుంటే దండలోంచి మిణుగురులు రాలుతున్నాయి. అతడు ఎముకతో చేసిన సుత్తె ఎత్తి జేగంట మీద కొట్టాడు. స్తంభాలు అదిరాయి. రెండు వేల కెంపులు ఒక్కసారిగా భగ్గుమన్నాయి. భట్టు వాటిని ఒకసారి కలియచూసి, లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

మైలమ ఆగమని మీటింది.

ధనధనమంటూ ముందు వరస ఒక అడుగు ముందుకేసింది.

మళ్లీ మీటింది. రెండో వరస చేతులెత్తింది. ఇంకో నాలుక మీటింది. సగంమంది కుడికి తిరిగారు, సగంమంది కూర్చున్నారు. ఆమె చేయి కదలడం చూసి పక్కనున్న ఇనుపమనిషి వంగాడు. పారిపోబోయి పెట్టె వైపు చూసిన మైలమకు, టేకుచెక్క మీద పచ్చగా కారిన చారలు కనిపించాయి. తేనెపట్టు వాసన వచ్చింది.

మైనం కరిగిపోయింది.

వాళ్ల ఇళ్లలో నాలుకలు సరిచేసేటప్పుడు ఇద్దరు కూర్చుంటారు. ఒకరు పెట్టె దగ్గర మీటుతారు, ఇంకొకరు బొమ్మ కడుపుకు చెవి ఆనించి వింటారు. మొదట మైనంతో తూచి చూస్తారు. రెండోవారు సరేనంటే మర్నాడు మైనం గీకేసి, ఆకురాయితో ఆ శ్రుతిని ఖాయం చేస్తారు. ఆకురాయి ఒకసారి తగిలిందంటే కంచు మళ్లీ రాదు. అందుకే రెండో చెవి కావాలి. ఉప్పుగోపురంలో రెండో చెవి లేదు. సరేననే మనిషి లేడు. ఒంటరిగా ఆకురాయి పట్టే ధైర్యం చాలక, ఇవాళ కాదు రేపు అనుకుంటూ, మైలమ పన్నెండింటినీ మైనం మీదే ఉంచేసింది. చల్లని గోపురంలో మూడేళ్లూ అవి కదలలేదు. కాగేటి ఆవిరికి సగం కరిగాయి. కొలిమి వేడికి పూర్తిగా కారిపోయాయి.

ఇనుపచేయి ఆమె భుజం మీద పడింది. ఎముక విరిగేలా నొక్కింది. నొప్పికి కళ్లు మూసుకుపోయాయి. భయం వేసినప్పుడల్లా మూడేళ్లుగా ఏ నాలుక మీదికి వెళ్లడం అలవాటో, ఆమె బొటనవేలు దాని మీదికే వెళ్లింది. మీటింది.

వెయ్యి మెడలు ఒక్కసారిగా వంగాయి.

"ఊఁ."

వెయ్యి తిత్తులు కలిసి నిట్టూర్చిన ఆ చప్పుడుకు స్తంభాల మీది మసి రాలింది. భుజం మీది చేయి వదులైంది. ఒక పని చేస్తున్న మర ఆ సమయంలో ఇంకో పని చేయలేదు. వంగిన కెంపులకు సొంత పాదాలు తప్ప ఏమీ కనిపించడం లేదు.

మైలమ చేయి కిందనుంచి జారి బయటపడింది. ఎవరూ అడగని మెడకీళ్లు. ఎవరికీ అక్కరలేని తోలుతిత్తులు. అయ్య కూడా ఈ కోటలో వెయ్యిసార్లు ఆ నాలుకనే చేసుకుంటూ కూర్చున్నాడు.

తలలు మెల్లగా పైకి లేస్తున్నాయి. పది అడుగులు వేసేంత సేపు. అంతలో మళ్లీ మీటాలి. తొందరపడితే కొక్కెం పట్టుకోదు, ఆలస్యమైతే కళ్లు లేస్తాయి. లెక్క తప్పకుండా మీటడానికి ఆమెకు తెలిసిన పద్ధతి ఒక్కటే.

"అనగనగా ఒక తాబేలు" అంది మైలమ, మీటి.

"ఊఁ" అన్నారు వెయ్యిమంది.

పది అడుగులు పరుగెత్తింది. "ఆ తాబేలుకి చందమామంటే ప్రాణం."

"ఊఁ."

వరసల మధ్యనుంచి, వంగిన ఇనుపతలల కిందనుంచి, ఆమె పరుగెత్తింది. "వానాకాలం వచ్చింది. ఆకాశంలో చందమామకి ఇల్లు లేదు, చూరు లేదు."

"ఊఁ."

పైన తలుపు తెరుచుకున్న చప్పుడైంది. అంగారభట్టు పిట్టగోడ మీదికి వంగి అరిచాడు. "ఎవడ్రా అక్కడ? ఎవడు ఊకొడుతున్నాడు?"

"చందమామ చలికి వణికిపోతున్నాడు."

"ఊఁ."

"నూటొకటోవాడా, తలెత్తు!" అని భట్టు గర్జించాడు. ఒక తల లేచింది. ఆమె మీటగానే మిగతావాటితో పాటు వంగిపోయింది. "నూటరెండోవాడా! నూటమూడోవాడా!" అతడు పిలుస్తూనే ఉన్నాడు. ఒకటి లేచేసరికి వెనకటిది వంగుతోంది. అతడి మెడలోని బొగ్గులు కోపంతో తెల్లగా మండాయి.

మైలమ శాల చివరకు చేరింది. తొమ్మిది తలుపులు. ముప్పవ్వ చెప్పినట్టు అన్నీ ఒక్కలాంటివే. ఒక్కొక్కదానికి చీలలు కొట్టి బిగించిన, ముంజేయి మందం గడియ. "అయ్యా!" అని పిలిచింది. కొలిమి హోరులో ఆ పిలుపు ఆమెకే సరిగా వినబడలేదు. తలలు లేస్తున్నాయి. నాలుక మీటింది.

టిక్కుమంది. పద్నాలుగేళ్ల నాటి పలుచని కంచు, మొదలంటా విరిగి ఆమె కాళ్ల దగ్గర పడింది.

వంగేవాళ్లు లేరు. వెయ్యి తలలు ఒకదాని తర్వాత ఒకటి నిటారుగా లేచాయి. రెండు వేల కెంపుల ఎర్రని వెలుగు నేల మీద పాకుతూ వచ్చి ఆమె పాదాల దగ్గర ఆగింది. మైలమ గోడకు ఆనుకుని శిలలా నిలబడింది. ఊపిరి బిగబట్టింది.

పైనుంచి భట్టు ఆమెను చూశాడు. నవ్వాడు. "ఆచారి కూతురివా? చేతిలో అదేమిటి, పెట్టెనా? మీ అయ్య కన్నా నువ్వే నయం. తొంభయ్యోవాడా! ఆ పిల్లనూ పెట్టెనూ పట్టుకురా."

తొంభయ్యోవాడు వరసలోంచి బయటికి వచ్చాడు. నేల దద్దరిల్లింది. పది అడుగుల దూరం. ఆరు. మూడు. నడుము వంచి ఇనుపచేతులు రెండూ చాచాడు. మైలమ చేతిలో ఉన్నది ఇక వట్టి చెక్కపెట్టె. ఆమె కళ్లు మూసుకుంది. కొయ్యబొమ్మ కూడా ఎదురుగా లేదు. అయినా కథ నోటిలోంచి దానంతటదే కేకలా వచ్చింది.

"అందుకని... తాబేలు గొడుగు పట్టుకుని బయలుదేరింది."

"ఊఁ."

అది తిత్తి నిట్టూర్పు కాదు. బొంగురుగా, నీళ్లు లేక ఎండిన గొంతులోంచి, ఆమె ఆనుకున్న గోడ పక్కనే, ఎడమ నుంచి నాలుగో తలుపు వెనకనుంచి వచ్చింది.

ఆమె కళ్లు తెరిచేసరికి తొంభయ్యోవాడి తల ఆమె మోకాళ్ల ముందుకు వంగి ఉంది. చాచిన చేతులు గాలిలో ఆగిపోయాయి. అతడి వెనక, శాల ఆ చివరి దాకా, వెయ్యి తలలు గాలికి వంగిన పైరులా వంగి ఉన్నాయి.

ఏ గొంతుకు జత కలుపుతూ అయ్య ఆ నాలుకను గీకాడో మైలమకు అప్పుడు గుర్తొచ్చింది.

తలుపు వెనక ఆ గొంతు మళ్లీ పలికింది. ఈసారి కాస్త వణికింది.

"గొడుగెవరిచ్చారే దానికి?"

బొమ్మ అడగలేని మాట అది. మైలమ నాలుగో తలుపు మీద పడింది. రెండు చేతులూ దానికి ఆనించింది. ఇనుము వెచ్చగా ఉంది.

"మధ్యలో అడక్కయ్యా!" అంది. ఏడుస్తూనే, చిన్నప్పటి కోపంతో అంది.

"సరే తల్లీ. అడగను. చెప్పు."

పైన అంగారభట్టు పిలవడం మానేశాడు. అతడి పావుకోళ్లు మెట్ల మీద టకటకమన్నాయి. స్వయంగా దిగి వస్తున్నాడు. మైలమ కుచ్చెళ్లలోంచి ఆకురాయి లాగింది. మూడేళ్లుగా పట్టడానికి భయపడినదాన్ని గడియ మీద ఆనించి, బలమంతా పెట్టి ఒక గీకు గీకింది. రవ్వలు లేచాయి.

"తాబేలుకి గొడుగు లేదు" అని మళ్లీ మొదలుపెట్టింది. "ముందు అది గొడుగు చేసేవాడి ఇల్లు వెతకాలనుకుంది."

"ఊఁ."

వెయ్యి తలలు వంగాయి. ఆకురాయి గీకింది. పైన భట్టు దిగాల్సినవి మూడు వందల మెట్లు. చేతి కింద ముంజేయి మందం గడియ. కథలో తాబేలు ఇంకా ఇంటి గడపైనా దాటలేదు.